బీటెక్ అయింది, ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, మనసు మాత్రం గేమ్స్ మీద ఉంది. ఏం చెయ్యమంటారు?

పర్లాకిమిడి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఈ ఏడాదే కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేశాను. క్యాంపస్‌లో ఒక సర్వీస్ కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది గానీ జాయినింగ్ డేట్ ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా "త్వరలో తెలియజేస్తాం" అని ఒకటే మెయిల్. ఈలోగా నాన్న బట్టల కొట్లో కూర్చుంటున్నాను. పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి కూడా మాకు బేరాలు వస్తాయి కాబట్టి పెళ్లిళ్ల సీజన్లో తల ఎత్తే తీరిక ఉండదు. మిగతా రోజుల్లో కౌంటర్ వెనక లాప్‌టాప్ పెట్టుకుని నా గేమ్ చేసుకుంటాను.

గేమ్ సంగతి చెప్తాను. నౌపడా నుంచి గుణుపురం దాకా ఒకప్పుడు చిన్న రైలు నడిచేది, రెండున్నర అడుగుల పట్టాల మీద. 1900లో నౌపడా నుంచి మా ఊరి దాకా పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది, తర్వాత గుణుపురం వరకు పొడిగించారు. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ వేశారు. అది ఆగిపోయేనాటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. నాకు తెలిసిందంతా మా తాత చెప్పిన కబుర్లే. నా గేమ్‌లో ఆడేవాడు ఆ రైలుకి గార్డు. నౌపడా, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, ఒక్కో స్టేషన్లో ఒక్కో కథ. సంతకి వెళ్లేవాళ్లు, సవర ఊళ్ల నుంచి చింతపండు తెచ్చేవాళ్లు, వానాకాలంలో మహేంద్రతనయ పొంగితే రైలు ఆగిపోవడం, చివర్లో గుణుపురంలో బయటపడే ఒక రహస్యం. యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో (గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేస్తున్నాను. కథంతా రాసుకున్నాను, నోట్‌బుక్ నిండిపోయింది. ఆడడానికి మాత్రం పర్లాకిమిడి ప్లాట్‌ఫారం ఒక్కటే ఉంది ప్రస్తుతానికి, దాని స్క్రీన్‌షాట్ పెట్టాను.

టెక్నికల్‌గా రెండు చోట్ల ఆగిపోయాను. ఇంజన్ పొగ మొదలవగానే చెల్లి ఫోన్లో (రెండు జీబీ ర్యామ్) గేమ్ కొన్ని క్షణాలకోసారి గుక్క తిప్పుకోలేనట్టు ఆగి మళ్లీ నడుస్తోంది. నా లాప్‌టాప్‌లో ఏ బాధా లేదు. రెండోది, తెలుగు అక్షరాలు. "స్టేషన్ మాస్టర్" అని టైప్ చేస్తే స పక్కన పొల్లు, దాని పక్కన ట, మళ్లీ ఏత్వం ఎక్కడో. ఒడియా కూడా అంతే, చూడలేం.

అసలు ప్రశ్న ఇది. నా ముందు మూడు దారులున్నాయి. కంపెనీ పిలిచేదాకా ఆగి, పిలిచాక వెళ్లిపోవడం ఒకటి. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ల గేమ్ డిజైన్ డిప్లొమా రెండోది. ఫీజు నాలుగు లక్షల పైన, వాళ్ల కౌన్సిలర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు, "సీట్లు అయిపోతున్నాయి బ్రదర్" అని. లేదా ఒక ఏడాది ఇంట్లోనే కూర్చుని గేమ్ పూర్తి చేయడం. స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్‌ని ఒకాయన ఒక్కడే కూర్చుని చేశాడు కదా.

నాన్నకి గేమ్ అంటే రమ్మీయే. మా వీధిలో ఒకాయన ఆన్‌లైన్ రమ్మీలో ఇల్లు తాకట్టు దాకా తెచ్చుకున్నాడు, అది ఆయన కళ్లారా చూశాడు. అయినా "నీకు అంత ఇష్టమైతే చెల్లి పెళ్లి కోసం వేసిన ఎఫ్‌డీ తీస్తాను" అన్నాడు మొన్న. అప్పట్నుంచి నాకు టెన్షన్ ఇంకా ఎక్కువైంది.

ఇంకో గోడు. శ్రీకాకుళం జిల్లాలో జాబ్ మేళాకి వెళ్తే ఆధార్ చూసి "మీది ఒడిశా కదా" అన్నారు. భువనేశ్వర్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే నా యాస విని "మీరు ఆంధ్రా వాళ్లా" అన్నారు. ఎవరైనా ఈ లైన్లో ఉన్నవాళ్లుంటే చెప్పండి.

రాయగడ నైట్ షిఫ్ట్:

తమ్ముడూ, చెల్లి ఎఫ్‌డీ ముట్టుకోకు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఫ్యాక్టరీలో పని చేస్తాను, గేమ్స్ ఆడటం తప్ప చేయడం రాదు. కానీ ఆఫర్ లెటర్ చేతిలో ఉన్న కుర్రాడు ఏడాది ఇంట్లో కూర్చుంటానంటే మన ఊళ్లలో ఏమవుతుందో తెలుసు. మొదటి నెల "గేమ్ ఎంతవరకు వచ్చింది" అని అడుగుతారు, మూడో నెల నుంచి "కొట్లో కూర్చో" అంటారు, ఆరో నెలకి సంబంధాలు చూస్తారు. కంపెనీ పిలిస్తే వెళ్లు. సాయంత్రాలు నీవే కదా.

బరంపురం టు గచ్చిబౌలి:

నేను బరంపురం వాణ్ణి. హైదరాబాద్‌లో ఒక మొబైల్ గేమ్ స్టూడియోలో ప్రోగ్రామర్‌గా చేస్తున్నాను, ఇప్పుడు మా టీమ్‌కి ఇంటర్వ్యూలు కూడా నేనే తీసుకుంటున్నాను. కాస్త పెద్దగా రాస్తాను, టీ పెట్టుకుని చదువు.

ముందు పొగ సంగతి, ఎందుకంటే నీ పోస్టులో నాకు నచ్చింది అదే. పొగ తునక ఒక్కొక్కటీ పుట్టినప్పుడు కొత్తగా తయారు (ఇన్‌స్టాన్షియేట్) చేసి, మాయమైనప్పుడు చెరిపేస్తున్నావని (డిస్ట్రాయ్) పందెం కాస్తాను. అలా చేస్తే మెమరీలో చెత్త పేరుకుంటుంది. కాసేపటికి గార్బేజ్ కలెక్టర్ లేచి ఊడుస్తుంది, అది ఊడుస్తున్నంతసేపూ గేమ్ ఆగుతుంది. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకి నీకు దొరికేది 16.6 మిల్లీసెకన్లు. ఆ ఊడ్పు అంతకంటే ఎక్కువసేపు పడితే ఆడేవాడికి కుదుపు తెలుస్తుంది. లాప్‌టాప్ గట్టిది కాబట్టి అక్కడ దాగిపోతుంది, రెండు జీబీ ఫోన్లో దాగదు. స్టేషన్ తెరవగానే ముప్పై పొగ తునకలు ఒకేసారి చేసి పక్కన పెట్టుకో. కావలసినప్పుడు ఒకదాన్ని ఆన్ చెయ్యి, పని అయ్యాక ఆఫ్ చేసి మళ్లీ అదే వాడు. దీన్ని ఆబ్జెక్ట్ పూలింగ్ అంటారు. మా దగ్గర ఫ్రెషర్ ఇంటర్వ్యూలో ఇది అడగని రోజు ఉండదు. చేసే ముందు ఒకసారి, చేశాక ఒకసారి ప్రొఫైలర్ (ఏ పనికి ఎంతసేపు పడుతోందో చూపించేది) తెరిచి ఆ గ్రాఫ్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకో. ఇంటర్వ్యూలో ఆ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి "ఇది నా గేమ్‌లోదే" అని చెప్పగలిగితే, నీ డిగ్రీ ఏ కాలేజీదో అవతలివాడు మళ్లీ అడగడు.

తెలుగు అక్షరాలు. యూనిటీలో అందరం వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఒక్కో అక్షరాన్నీ తెచ్చి వరసగా పేరుస్తుంది, అంతే. మనకి వత్తు కిందికి దిగాలి, గుణింతం గుర్తు అక్షరానికి అతుక్కోవాలి. ఆ అతికించే పనిని షేపింగ్ అంటారు, హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ చేస్తుంది. గోడో 4, అన్‌రియల్ అనే వేరే గేమ్ ఇంజన్లలో అది లోపలే ఉంది. అంతమాత్రాన ఇంజన్ మార్చెయ్యకు. ఇక్కడా బెంగళూరులోనూ మొబైల్ స్టూడియోల్లో అడిగేది ఎక్కువగా యూనిటీ, దానికి కోడ్ రాసే సీ షార్ప్ భాష. నీ గేమ్‌లో కనిపించే తెలుగు ఎంత? స్టేషన్ బోర్డులు, నాలుగు బటన్లు. వాటిని బొమ్మలుగా గీసి పెట్టేసెయ్. మన స్టేషన్ బోర్డు మీద ఎలాగూ మూడు భాషలుంటాయి, బొమ్మయితేనే అందం.

ఇప్పుడు నీ మూడు దారులు.

డిప్లొమా వద్దు. కోర్సులన్నీ మోసం అనను, కొందరికి క్లాసురూం ఉంటేనే చదువు సాగుతుంది. కానీ నువ్వు బీటెక్ చదివినవాడివి, కోడ్ రాస్తున్నవాడివి. నాలుగు లక్షలు పోసి నేర్చుకునేది నీకు అక్కడ ఏం ఉంది? కౌన్సిలర్ మళ్లీ ఫోన్ చేస్తే ఒక్కటే అడుగు, కిందటి బ్యాచ్ పిల్లలు చేసిన గేమ్స్ లింకులు పంపమను. పోస్టర్లు కాదు, ఆడగలిగే గేమ్స్. ఆ పిల్లల్లో ఇద్దరితో మాట్లాడించమను. ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి. చదువే కావాలనుకుంటే ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండెస్ అనే పీజీ ఉంది, దానికి డ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. బీటెక్ వాళ్లు రాయొచ్చు. అది కోడింగ్ నేర్పే కోర్సు కాదు, డిజైనర్‌ని తయారుచేసే కోర్సు. నీకు ఏది కావాలో ముందు తేల్చుకో.

అసలు ఈ తేల్చుకోవడం దగ్గరే మన పిల్లలు తడబడతారు. "గేమ్ డెవలపర్ అవుతాను" అంటారు. ఆ పేరుతో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. గేమ్‌ప్లే ప్రోగ్రామర్, టూల్స్ ప్రోగ్రామర్, 2డీ ఆర్టిస్ట్, 3డీ ఆర్టిస్ట్, యానిమేటర్, లెవెల్ డిజైనర్, సౌండ్, టెస్టర్, వీళ్లందరూ వేరువేరు మనుషులు, వేరువేరు ఇంటర్వ్యూలు. ఆర్టుకీ కోడుకీ మధ్య నిలబడి షేడర్లు (తెర మీద రంగూ వెలుతురూ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) రాసే టెక్నికల్ ఆర్టిస్ట్ అని ఒక జాతి ఉంది, వాళ్లు దొరకడం చాలా కష్టం. నీ పోస్టు చదివితే నువ్వు గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌వి అనిపిస్తోంది. కథలు రాయడం ఇష్టం కాబట్టి డిజైనర్ అనుకుంటున్నావేమో. ఫ్రెషర్‌ని డిజైనర్‌గా తీసుకునే స్టూడియోలు తక్కువ. ప్రోగ్రామర్‌గా లోపలికి వచ్చి తర్వాత అటు మళ్లినవాళ్లు నా చుట్టూ ఉన్నారు.

ఏడాది ఇంట్లో కూర్చోవడం కూడా వద్దు. స్టార్‌డ్యూ వ్యాలీ చేసినాయన పేరు ఎరిక్ బరోన్. నాలుగేళ్ల పైన పట్టింది, 2016లో విడుదలైంది. ఆ నాలుగేళ్లూ ఆయన ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని చేస్తూ, సంపాదిస్తున్న గర్ల్‌ఫ్రెండ్ అండతో నెట్టుకొచ్చాడు. ఆ భాగం యూట్యూబ్ వీడియోల్లో చెప్పరు.

మార్కెట్ గురించి తియ్యగా చెప్పను. 2024 జనవరి ఒక్క నెలలోనే యూనిటీ దాదాపు 1,800 మందిని, మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. మన దేశంలో 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చి, డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ మూతపడ్డాయి. ఇది మీ నాన్నగారికి తప్పకుండా చెప్పు. ఆయన భయపడే రమ్మీని ప్రభుత్వమే ఆపింది, అదే చట్టంలో ఈ-స్పోర్ట్స్‌నీ మామూలు ఆటల్నీ ప్రోత్సహిస్తామని కూడా రాసింది. కాకపోతే ఆ రమ్మీ కంపెనీల్లో పనిచేసిన మంచి ప్రోగ్రామర్లు ఇప్పుడు మా దగ్గరికి ఇంటర్వ్యూలకి వస్తున్నారు. నువ్వు పోటీపడేది వాళ్లతో. అందుకే జాయినింగ్ డేట్ వస్తే వెళ్లి చేరు. జీతం వస్తుంటే గేమ్ మీద కోపం రాదు.

చివరికి నీ గేమ్. ఆరు స్టేషన్లు, ఆరు కథలు, వరద, రహస్యం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. నీ నోట్‌బుక్ నిండా కథ ఉంది, అందులో ఆట ఎక్కడ? గార్డుగా నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటే నా వేలు ఏం చేస్తుంది? పచ్చ జెండా ఊపడమేనా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాసి ఇక్కడ పెట్టు. అప్పటిదాకా రెండో స్టేషన్ మొదలుపెట్టకు.

పర్లాకిమిడి కుర్రాడు:

అన్నా, పొగ మీరు చెప్పినట్టే చేశాను. చెల్లి ఫోన్లో కుదుపు పోయింది! ప్రొఫైలర్లో ఆ పళ్లు పళ్లుగా లేచిన గీత చదునైపోయింది. స్క్రీన్‌షాట్లు రెండూ దాచాను.

మీ ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. ఇప్పుడున్న గేమ్‌లో వేలు చేసే పని, డైలాగ్ చదివి "తర్వాత" నొక్కడం. రాసి చూసుకుంటే నాకే నీరసం వచ్చింది.

కొమ్ము కొంగ:

తమ్ముడూ, నా పుట్టిల్లు కూడా పర్లాకిమిడే. ఇప్పుడు జయపురంలో ఉంటాను, ఇంటి నుంచే 2డీ ఆర్ట్ చేస్తాను, ఎక్కువగా బయటి దేశాల మొబైల్ గేమ్స్‌కి బ్యాక్‌గ్రౌండ్లు, ఐకాన్లు. కరెంటు, నెట్టు రెండూ ఉన్న గంటల్లో పని చేసుకోవడం అలవాటైపోయింది.

నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్ చూశాను. ప్లాట్‌ఫారం ఒక స్టైల్, మనుషులు ఇంకో స్టైల్, ఇంజన్ ఎక్కడినుంచో దించిన ఉచిత 3డీ మోడల్. నువ్వు ప్రోగ్రామర్‌వి, బొమ్మలు రాకపోవడం తప్పు కాదు. అందుకని బొమ్మల పని తగ్గించే స్టైల్ ఎంచుకో. మన ఊళ్లో కొమ్ము పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి ఒక అరగంట కూర్చో. ఆ కొంగలూ రొయ్యలూ చూడు. నల్లటి నునుపు, అంచుల దగ్గర వెలుతురు పడితే బూడిదరంగు చారలు, కళ్లూ ముక్కూ ఏవీ విడిగా ఉండవు, ఆకారమే అంతా చెప్తుంది. రైలూ మనుషులూ ఆ నలుపులో, వెనక ఆకాశం మాత్రం రంగుల్లో. తెల్లారుజామున ఒక రంగు, వానకి ఒక రంగు. మొహాలు గీయక్కర్లేదు, బట్టల మడతలు గీయక్కర్లేదు. టెక్స్‌చర్లు (గేమ్‌లో వాడే బొమ్మల ఫైళ్లు) చిన్నవవుతాయి కాబట్టి మీ చెల్లి ఫోను కూడా సుఖపడుతుంది. బొమ్మలు గీసే క్రిటా అయినా, 3డీ చేసే బ్లెండర్ అయినా ఉచితమే, ఏదీ కొనకు.

బొమ్మలు వచ్చిన పిల్లలు ఎవరైనా ఈ థ్రెడ్ చదువుతుంటే ఒక్క మాట. పోర్ట్‌ఫోలియోలో అన్నీ పెట్టకండి, మంచివి ఎనిమిదో పదో చాలు. దేవుళ్ల బొమ్మలు, హీరోల బొమ్మలు తీసేయండి. ఒకే గేమ్‌కి చెందినట్టుండే ఒక ఇల్లు, ఒక చెట్టు, ఒక మనిషి, నాలుగు ఐకాన్లు పెట్టండి. ఆర్ట్ టెస్ట్ అంటే ఒకటి రెండు రోజుల్లో అయ్యేదే చేయండి. ఒక క్లయింటు నాతో టెస్ట్ పేరు చెప్పి వారం రోజులు ఉచితంగా గీయించుకుని, అవే బొమ్మలు గేమ్‌లో పెట్టుకున్నాడు. ఇప్పుడు నేను అడ్వాన్స్ లేకుండా పెన్ను పట్టను.

లైన్ క్లియర్ తాత:

బాబూ, నేను రిటైరైన స్టేషన్ మాస్టర్ని. మాది టెక్కలి దగ్గర. మా మనవరాలు ఈ ప్రశ్న చూపించి "తాతా, నీ రైలు" అంది. చిన్నప్పుడు ఆ చిన్న బండి మీదే పర్లాకిమిడి మా మేనత్త గారింటికి వెళ్లేవాళ్లం. ఎక్కేవాళ్లని చూసి గార్డు మరి కాసేపు ఆపేవాడు, "నాయినా, ఆగు, మా ముసిల్ది వస్తంది" అని కేకేస్తే ఆగేది. నీ గేమ్‌లో ఇది పెట్టు.

కానీ ఆ పెద్ద తమ్ముడు అడిగినది సబబే, వేలికి పనుండాలి. నాకు గేములు తెలీవు, మా డ్యూటీ ఏమిటో చెప్తాను. నేను సర్వీసంతా సింగిల్ లైన్ల మీద చేశాను. పట్టా ఒక్కటే, బళ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. నా దగ్గరినుంచి బండి పంపాలంటే ముందు అవతలి స్టేషన్‌కి గంట కొట్టి లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి ఒప్పుకోలు, అడగాలి. ఆయన ఒప్పుకుని తన మెషీన్ తిప్పితేనే నా మెషీన్లోంచి ఇనుప బంతి బయట పడుతుంది. అదే టోకెన్. దాన్ని తోలు సంచిలో వేసి, పెద్ద రింగుకి కట్టి డ్రైవరుకి అందిస్తాం. బంతి చేతికి రానిదే డ్రైవరు బండి కదపడు. ఆ బంతి అవతలి స్టేషన్లో మెషీన్లో పడేదాకా రెండోది రాదు, ఎంత కొట్టుకున్నా రాదు. ఆగని బండికైతే డ్రైవరు పరుగు మీదే చెయ్యి చాపి రింగు అందుకుంటాడు, పాత టోకెన్ మా వైపు విసిరేస్తాడు. వానలో, రాత్రిపూట, లాంతరు పట్టుకుని ఆ రింగు ఎత్తి నిలబడటం ఎలా ఉంటుందో నిలబడ్డవాడికే తెలుసు.

ఎదురెదురుగా రెండు బళ్లు వస్తే ఒకదాన్ని లూపు లైన్లోకి, అంటే పక్క పట్టా మీదికి తీసి, రెండోదాన్ని మెయిన్ మీద పోనివ్వాలి. దేన్ని ఆపాలి అన్నదే మా తలనొప్పి. గూడ్సు ఆపితే పైనుంచి ఫోను, పాసింజరు ఆపితే ప్లాట్‌ఫారం మీద తిట్లు.

బరంపురం టు గచ్చిబౌలి:

తాతగారూ, దండాలండీ. మీరు రాసిన ఆ రెండు పేరాలే గేమ్.

తమ్ముడూ, నోట్‌బుక్ మూసి ఇది చదువు. ప్లేయర్ గార్డు కాదు, స్టేషన్ మాస్టర్. ఒకే స్టేషన్, ఒకే స్క్రీన్. అటొక స్టేషన్, ఇటొక స్టేషన్ తెర బయట ఉంటాయి, గంట మాత్రం వినిపిస్తుంది. గంట వస్తే లైన్ క్లియర్ ఇవ్వాలా వద్దా, ఒక వేలి నొక్కు. బండిని ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లించే పాయింటు మెయిన్‌కా లూపుకా, ఒక నొక్కు. బండి వస్తుంటే వేలితో రింగు ఎత్తి పట్టుకుని, డ్రైవరు చెయ్యి దగ్గరికి వచ్చిన క్షణంలో వదలాలి. ముందే వదిలితే కిందపడుతుంది, బండి ఆగుతుంది, వెనకది ఆలస్యం. మొదటి రోజు రెండు బళ్లు, పదో రోజుకి ఆరు. తప్పు చేస్తే ఢీకొట్టడాలు, పేలుళ్లు వద్దు, టోకెన్ పద్ధతి ఉన్నదే అది జరగకుండా. ఆలస్యమూ తిట్లూ చాలు. ముసలావిడ కోసం బండి ఆపితే ప్లాట్‌ఫారం మీదివాళ్లు సంతోషిస్తారు, అవతల గంట మోగుతూనే ఉంటుంది. నీ కథలన్నీ ఈ ఆపాలా వద్దా అన్న దాంట్లోంచి వస్తాయి, డైలాగులు రాయక్కర్లేదు.

కోడ్ వైపు నుంచి చూసినా ఇది నీకు మంచి సరుకు. బండికి స్టేట్ మెషీన్: వస్తోంది, ఆగింది, టోకెన్ కోసం చూస్తోంది, వెళ్లింది. రెండు స్టేషన్ల టోకెన్ మెషీన్లలో కలిపి బయట ఉండేది ఒక్క టోకెన్ అన్న నియమం ఎక్కడా తప్పకుండా రాయడం చూడటానికి సులువు, రాస్తే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో దీని మీదే అరగంట మాట్లాడొచ్చు. బండి కదలికని డెల్టా టైమ్‌తో (కిందటి ఫ్రేము నుంచి గడిచిన సమయం) గుణించడం మర్చిపోకు, లేకపోతే పాత ఫోన్లో ఎద్దుబండి అవుతుంది.

ముందు రంగు పెట్టెలతో చెయ్యి. రైలు అంటే ఒక నల్ల దీర్ఘచతురస్రం. అలా ఉన్నప్పుడే ఆడబుద్ధి అయితే, అప్పుడు ఆ అక్కగారు చెప్పిన కొమ్ము నలుపు వెయ్యి. ఇచ్.ఐఓ అనే గేమ్స్ సైటులో బ్రౌజర్లో ఆడేలా పెట్టి లింకు ఇక్కడ ఇవ్వు. జనవరి చివర్లో గ్లోబల్ గేమ్ జామ్ ఉంటుంది, వీలైతే అందులో పాల్గొను. రెండు రోజుల్లో కొత్త మనుషులతో ఒక గేమ్ ముగించడం ఎలాగో అక్కడ తెలుస్తుంది, పరిచయాలు కూడా అక్కడే. ఆంధ్రా వాడివా ఒడిశా వాడివా అని అక్కడ ఎవరూ అడగరు, రిపాజిటరీ (కోడ్ దాచే చోటు) ఏది అని అడుగుతారు.

పర్లాకిమిడి కుర్రాడు:

అందరికీ అప్‌డేట్. రంగు పెట్టెలతో చేశాను, ఆడిస్తున్నాను. మొదట నాన్నకే ఇచ్చాను. ఏమీ చెప్పకుండా ఫోన్ చేతిలో పెట్టాను. గంట మోగితే ఏం చెయ్యాలో కనిపెట్టడానికి కాస్త టైం పట్టింది, ఆ తర్వాత కొట్లోకి బేరం వచ్చినా తల ఎత్తలేదు. "ఈ గూడ్సువాణ్ణి ఎందుకు ముందు పంపాలి, వీడికి తొందరేంటి" అని నాతో గొడవ పెట్టుకున్నాడు. చట్టం సంగతి కూడా చెప్పాను. "డబ్బులు పెట్టేది లేదంటావు, అయితే మరి నీకేం వస్తుంది?" అన్నాడు. దానికి ఇంకా సమాధానం వెతుకుతున్నాను.

ఇన్‌స్టిట్యూట్ కౌన్సిలర్‌ని కిందటి బ్యాచ్ గేమ్స్ లింకులు అడిగాను. "సర్‌ని అడిగి పంపుతాను" అన్నాడు, తర్వాత ఫోన్ లేదు. ఎఫ్‌డీ జోలికి వెళ్లడం లేదు, చెల్లికి కూడా చెప్పేశాను. కంపెనీ పిలిస్తే చేరతాను, పిలవకపోతే యూనిటీ ఫ్రెషర్ ఉద్యోగాలకి ఈ గేమ్‌తోనే అప్లై చేస్తాను.

తాతగారూ, పాయింటు మార్చాక సిగ్నల్ పడటానికి ఎంతసేపు పట్టేది? నేను మూడు సెకన్లు పెట్టాను. అక్కా, ఆకాశం రంగులకి నాకు సాయం కావాలి, అడ్వాన్స్ ఇస్తాను, పెద్ద మొత్తం కాదు గానీ.

ఇప్పుడు అందరితో ఒక పని. ప్లే స్టోర్ అకౌంట్‌కి ఒకసారి 25 డాలర్లు కట్టాలి, అది కొట్టు జీతంలోంచి కడతాను. కానీ కొత్తగా తీసుకునే పర్సనల్ అకౌంట్లకి గూగుల్ ఒక షరతు పెట్టింది. గేమ్‌ని అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు టెస్ట్‌లో చేరి ఉండాలి. ఇంట్లోవాళ్లూ స్నేహితులూ కలిపితే ఏడుగురు తేలారు. ఆండ్రాయిడ్ ఫోన్ ఉండి, మధ్యలో మానెయ్యకుండా ఉండగలిగేవాళ్లు ఇంకో ఐదుగురు కావాలి.

రాయగడ నైట్ షిఫ్ట్:

నన్ను రాసుకో. ఫోను బాగా పాతది, స్క్రీను ఒక మూల పగిలింది. పనికొస్తుందా?

పర్లాకిమిడి కుర్రాడు:

అలాంటిదే కావాలన్నా. జీమెయిల్ ఐడీ ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా మెసేజ్ చెయ్యండి. ఇంకా నలుగురు.

లైన్ క్లియర్ తాత:

మా మనవరాలి ఫోను రాసుకో బాబూ, ఇక ముగ్గురే కావాలి. సిగ్నల్ సంగతి రేపు పొద్దున్న వివరంగా రాస్తాను. మూడు సెకన్లు మరీ తక్కువ.